చేతి పనిముట్లు, సీసాల మీద పేర్లు: ఇంట్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకునేవారికి

గేటు గొళ్లెం బిగించుకోవడం, పాత సైకిల్‌కి రంగు వేసుకోవడం, కుర్చీకి పాలిష్ పెట్టుకోవడం లాంటి పనులు ఇంట్లోనే చేసుకోవాలనుకుంటే విజయవాడలో సామానుకి కొదవ లేదు. వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ షాపులు, రంగుల షాపులు ఉన్నాయి. అక్కడ దొరకనిది ఆటోనగర్‌లో దొరుకుతుంది. ఇబ్బందల్లా అడగడంలోనే. "స్పిరిట్ ఇవ్వండి" అంటే మెడికల్ షాపులో ఒకటి ఇస్తారు, రంగుల షాపులో ఇంకొకటి ఇస్తారు. "స్టార్ స్క్రూడ్రైవర్" అన్నా అదే తంతు. పనిముట్టు తప్పితే మహా అయితే స్క్రూ తల అరిగిపోతుంది. సీసా తప్పితే వేసిన రంగంతా ముడతలు పడొచ్చు, షెడ్డు అంటుకోవచ్చు, ఒక్కోసారి మనిషి చూపే పోవచ్చు. అందుకే పనిముట్ల గురించి అవసరమైనంత చెప్పి, సాల్వెంట్ల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. సాల్వెంట్ అంటే రంగునో, గ్రీజునో, జిగురునో కరిగించే ద్రవం. థిన్నర్, టర్పెంటాయిల్, స్పిరిట్, పెట్రోల్ అన్నీ ఆ కోవలోవే.

ముందు వైస్ కొనండి

చాలామంది డ్రిల్లింగ్ మెషీన్‌తో మొదలుపెడతారు. నా సలహా బెంచ్ వైస్, అంటే బల్లకి బిగించి, వస్తువుని రెండు దవడల మధ్య గట్టిగా పట్టుకునే పనిముట్టు. వస్తువు కదలకుండా ఉంటేనే రంపమైనా ఆకురాయైనా సరిగ్గా నడుస్తుంది. ఇంటికి 4 అంగుళాల వైస్ సరిపోతుంది. దాన్ని ప్లైవుడ్ బల్లకి స్క్రూలతో బిగించొద్దు. బల్లలోంచి దూరిపోయే బోల్టులు వేసి, కింద పెద్ద వాషర్ పెట్టి బిగించండి.

దానితోపాటు ఒక మోస్తరు సుత్తి, కటింగ్ ప్లేయర్, హ్యాక్‌సా, రెండు ఆకురాళ్లు, మూలమట్టం, స్క్రూడ్రైవర్లు, స్పానర్ల సెట్టు ఉంటే ఏడాదంతా గడిచిపోతుంది. వడ్రంగం పని కూడా ఉంటే అర అంగుళం ఉలి, ఒక గూటం (చెక్క సుత్తి) చేర్చుకోండి. ఉలి పిడిని ఇనప సుత్తితో కొడితే పిడి పగులుతుంది కాబట్టి గూటం తప్పనిసరి.

స్పానర్ కొనేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. దాని మీద 13 అని ఉంటే అది స్పానర్ నోటి వెడల్పు, అంటే బోల్టు తలకి ఎదురెదురు అంచుల మధ్య దూరం. బోల్టు లావు కాదు. 8 మిల్లీమీటర్ల బోల్టుకి మామూలుగా 13 స్పానర్ పడుతుంది, 6 మిల్లీమీటర్ల బోల్టుకి 10 పడుతుంది. జపాన్ డిజైన్ బళ్ల మీద అదే 8 మిల్లీమీటర్ల బోల్టుకి 12 స్పానర్ పట్టవచ్చు. అందుకే బైక్ పని ఉన్నవాళ్లు 10, 12, 14, 17 ముందు కొంటారు. పాత లేతు మెషీన్లకీ పాత ఇంజన్లకీ విట్‌వర్త్ బోల్టులు, అంటే పాత ఇంగ్లిష్ అంగుళాల కొలతవి, ఉంటాయి. వాటి స్పానర్ మీద అర అంగుళం అని రాసి ఉంటే అది బోల్టు లావు. నోరు అంతకన్నా చాలా పెద్దగా ఉంటుంది. ఇక్కడ లెక్క పూర్తిగా తిరగబడింది కనుక సైజు నోటితో చెప్పకండి, బోల్టునే షాపుకి పట్టుకెళ్లండి.

గట్టిగా బిగిసిన బోల్టుకి రింగు స్పానర్ వాడండి. అడ్జస్టబుల్ స్పానర్ తప్పనిసరైతే, బలం కదలని దవడ మీద పడేలా తిప్పండి. కదిలే దవడ మీద బలం పెడితే అది సడలి, బోల్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి.

ఇక స్టార్ స్క్రూడ్రైవర్. మన దగ్గర కూడిక గుర్తులాంటి గాడి ఉన్న స్క్రూనీ స్టార్ అంటారు, ఆరు మొనల నక్షత్రంలాంటి గాడి ఉన్నదాన్నీ స్టార్ అంటారు. మొదటిది ఫిలిప్స్, రెండోది టార్క్స్. ఫిలిప్స్‌లో ఇంటి పనికి 2 నంబర్ ముఖ్యం, 1 నంబర్ చిన్న వస్తువులకి. ఫిలిప్స్‌లాగే కనిపించే ఇంకో రకం జపాన్ బైకుల మీద ఉంటుంది. తల మీద ఒక మూల చిన్న చుక్క ఉంటే అది జపాన్ ప్రమాణం స్క్రూ. దానికి మామూలు ఫిలిప్స్ పెట్టి గట్టిగా తిప్పితే మొన పైకి జారి గాడి చెడిపోతుంది. కార్బురేటర్ స్క్రూలు పాడయ్యేది ఎక్కువగా ఇలాగే. జేఐఎస్ బిట్ అని అడిగి తెచ్చుకోండి.

హ్యాక్‌సా బ్లేడుకి అంగుళానికి ఎన్ని పళ్లు ఉన్నాయో దాని మీదే ఉంటుంది. మామూలు ఇనప పనికి 24, పల్చటి రేకుకీ పైపుకీ 32, లావుపాటి అల్యూమినియంకీ మెత్తని ఇనుముకీ 18. కోసే చోట కనీసం మూడు పళ్లు లోహం మీద ఆనాలి, లేకపోతే పళ్లు తట్టుకుని రాలిపోతాయి. బ్లేడు పళ్లు ముందుకి చూసేలా పెట్టండి. ముందుకి తోసేటప్పుడే బలం, వెనక్కి లాగేటప్పుడు తేలిక. ఆకురాయికీ అదే సూత్రం. అల్యూమినియం రాకేటప్పుడు ఆకురాయి పళ్లలో పొడి ఇరుక్కోకుండా ముందే సుద్దముక్క రుద్దండి. పిడి లేని ఆకురాయిని ఎప్పుడూ వాడొద్దు, దాని తోక అరచేతిలో దిగుతుంది.

సాల్వెంట్లని పేరుతో కాకుండా కుటుంబంతో గుర్తుపట్టండి

షాపులో పేర్లు చాలా ఉన్నా, ఇంటి పనికి వచ్చేవి నాలుగు కుటుంబాలే.

మొదటిది పెట్రోలియం కుటుంబం. పెట్రోల్, కిరసనాయిలు, డీజిల్, టర్పెంటాయిల్ అని మనం కొనేది, అన్నీ ముడి చమురు నుంచి వచ్చినవే. గ్రీజు, నూనె, మైనం, తడి ఎనామెల్ రంగు వీటిలో కరుగుతాయి. నీళ్లలో కలవవు, పైన తేలతాయి.

రెండోది ఆల్కహాల్ కుటుంబం. ఇథనాల్, మిథనాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇందులోవి. లక్క, మార్కర్ ఇంకు, సోల్డరింగ్ ఫ్లక్స్ వీటిలో కరుగుతాయి. నీళ్లలో పూర్తిగా కలిసిపోతాయి.

మూడోది బలమైనవి: అసిటోన్, ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్), టోలుయిన్, జైలీన్, ఇథైల్ అసిటేట్ లాంటివి. మనం థిన్నర్ అని కొనేది సాధారణంగా వీటి మిశ్రమమే. ఎండిన రంగునీ ప్లాస్టిక్‌నీ కూడా కరిగిస్తాయి.

నాలుగోది క్లోరిన్ ఉన్నవి: ట్రైక్లోరోఇథిలీన్, మిథిలీన్ క్లోరైడ్. ఇవి నీళ్లకన్నా బరువు. కొన్ని గ్రీజు క్లీనర్లలో, బ్రేక్ క్లీనర్లలో, పెయింట్ రిమూవర్లలో ఉంటాయి. ఇంట్లో వీటిని అసలు వాడొద్దని నా గట్టి అభిప్రాయం. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ఇనుము ఆరకముందే వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది. గ్యారేజీలో పనిచేసే మీ తమ్ముడికో బావమరిదికో ఈ ఒక్క సంగతి తప్పకుండా చెప్పండి. ఈ కుటుంబంలోని కార్బన్ టెట్రాక్లోరైడ్ ఒకప్పుడు బట్టల మరకలకి కూడా వాడేవారు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఓజోన్ పొరనీ పాడుచేస్తుంది. 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం కింద అలాంటి వాడకాలు ఆగిపోయాయి. తాతల నాటి బీరువాలో దాని సీసా కనబడితే మూత తియ్యకండి.

తికమక పెట్టే పేర్లు

టర్పెంటాయిల్: అసలు టర్పెంటైన్ పైన్ చెట్ల జిగురుని బట్టీ పట్టి తీస్తారు. రంగుల షాపులో ఇచ్చేది ఎక్కువగా మినరల్ టర్పెంటైన్, డబ్బా మీద ఎంటీఓ అని ఉంటుంది. అది పెట్రోలియం సరుకు. ఎనామెల్ రంగు పల్చన చెయ్యడానికీ బ్రష్షు కడగడానికీ అదే చాలు. చెట్టు టర్పెంటైన్ బొమ్మలు వేసేవాళ్ల సామాను అమ్మే చోట దొరుకుతుంది, ఖరీదు ఎక్కువ, కొందరికి చర్మం మీద దద్దుర్లు కూడా వస్తాయి. యూట్యూబ్‌లో ఇంగ్లండ్ వాళ్లు వైట్ స్పిరిట్ అన్నా, అమెరికా వాళ్లు మినరల్ స్పిరిట్స్ అన్నా, ఆస్ట్రేలియా వాళ్లు మినరల్ టర్ప్స్ అన్నా మీరు కొనాల్సింది ఎంటీఓనే. పేరులో స్పిరిట్ ఉందని మెడికల్ షాపుకి వెళ్లొద్దు.

స్పిరిట్: రెక్టిఫైడ్ స్పిరిట్ అంటే సుమారు 95 శాతం ఇథనాల్. డీనేచర్డ్ స్పిరిట్, మిథిలేటెడ్ స్పిరిట్ అంటే ఎవరూ తాగకుండా విషం కలిపిన ఇథనాల్. వడ్రంగులు లక్క పాలిష్‌కి వాడేది ఈ రెండో రకం. ఉడ్ స్పిరిట్ అంటే మాత్రం మిథనాల్. ఒకప్పుడు కట్టెల్ని బట్టీ పట్టి తీసేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది, చెక్క పాలిష్‌కి సంబంధించింది కాదు. మిథనాల్ కొద్దిగా కడుపులోకి వెళ్లినా చూపు పోతుంది, ప్రాణం కూడా పోతుంది. రంగు, వాసన ఇథనాల్‌కి దగ్గరగా ఉంటాయి కాబట్టి చూసి తేడా చెప్పలేరు. పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో స్పిరిట్స్ ఆఫ్ సాల్ట్ అని కనిపిస్తే అది ఆల్కహాలే కాదు, హైడ్రోక్లోరిక్ యాసిడ్. మనం బాత్‌రూమ్ కడిగే యాసిడ్ అదే. ఆ యాసిడ్ సీసాని పనిముట్ల అలమరలో పెట్టకండి. మూత బిగించినా ఆవిరి బయటికొచ్చి కొన్నాళ్లకి స్పానర్లన్నీ తుప్పు పడతాయి.

శానిటైజర్‌తో పాలిష్ కలపొచ్చా అని అడుగుతుంటారు. కలపొద్దు. అందులో నీళ్లు ఉంటాయి, చాలావాటిలో జెల్ కూడా ఉంటుంది. నీళ్లున్న స్పిరిట్‌తో పాలిష్ పెడితే చెక్క మీద తెల్లటి మసక వస్తుంది. సర్క్యూట్ బోర్డు తుడవాలన్నా 70 శాతం కాకుండా 99 శాతం ఐసోప్రొపైల్ కొనండి. దాన్నే ఐపీఏ అంటారు.

బెంజీన్: తెలుగులో రాస్తే రెండు వేర్వేరు సరుకులు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఒకటి బెంజీన్, క్యాన్సర్ తెచ్చే రసాయనం. బెంజోల్ అన్నా అదే. రెండోది బెంజిన్, పెట్రోల్‌లాంటి తేలికపాటి పెట్రోలియం ద్రవం. జర్మన్ వీడియోలో బెంజీన్ అని వినిపిస్తే వాళ్లు చెప్పేది మామూలు పెట్రోల్ గురించే. పెట్రోలియం ఈథర్ అనేది కూడా ఈ తేలిక రకమే, ఈథర్‌తో సంబంధం లేదు.

పారఫిన్: ఇంగ్లండ్‌లో అది కిరసనాయిలు. అమెరికాలో కొవ్వొత్తి మైనం. మెడికల్ షాపులో లిక్విడ్ పారఫిన్ అంటే విరేచనానికి ఇచ్చే శుద్ధి చేసిన నూనె. గొలుసు కడగడానికి పారఫిన్ వాడమన్నారంటే కిరసనాయిలన్నమాట. అది దొరక్కపోతే డీజిల్ గానీ ఎంటీఓ గానీ వాడుకోండి.

టోలుయోల్ అంటే టోలుయిన్, జైలోల్ అంటే జైలీన్, మిథైల్ బెంజీన్ అన్నా టోలుయినే. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి ఒక దారి చెబుతాను. ప్రతి రసాయనానికీ సీఏఎస్ నంబర్ అని ఒకటి ఉంటుంది. పేరు ఏ దేశంలో ఎలా మారినా ఆ నంబర్ మారదు. అసిటోన్ 67-64-1, ఐపీఏ 67-63-0, ఇథనాల్ 64-17-5, మిథనాల్ 67-56-1, టోలుయిన్ 108-88-3, బెంజీన్ 71-43-2. ఇథనాల్‌కీ మిథనాల్‌కీ తేడా పేరులో ఒక్క అక్షరం, నంబర్‌లో మాత్రం స్పష్టం. కంపెనీ సరుకైతే డబ్బా పేరుతో సేఫ్టీ డేటా షీట్ వెతకండి, అందులో ఈ నంబర్లు ఉంటాయి.

థిన్నర్‌ని రంగుతో కలిపి అడగండి

"ఒక లీటరు థిన్నర్ ఇవ్వండి" అంటే మంచి షాపాయన "ఏ రంగుకండీ?" అని అడుగుతాడు. అడగకుండా ఇచ్చేస్తే మీరే చెప్పండి. ఎనామెల్ రంగుకి, రెడాక్సైడ్‌కి ఎంటీఓ. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్‌కి ఎన్‌సీ థిన్నర్. పీయూ (పాలీయురేథేన్) పాలిష్‌కి పీయూ థిన్నర్. ఎపాక్సీకి దానిదే.

ఇది వ్యాపారం కోసం పెట్టిన తేడా అనుకోకండి. పీయూ రంగు గట్టిపడటానికి హార్డెనర్ కలుపుతాం కదా, అందులోని ఐసోసయనేట్ అనే రసాయనం ఆల్కహాల్‌తోనూ నీటితోనూ చర్య జరుపుతుంది. ఎన్‌సీ థిన్నర్‌లో సాధారణంగా ఆల్కహాల్ ఉంటుంది. దాన్ని పీయూలో పోస్తే హార్డెనర్ రంగుతో కలవాల్సింది పోయి ఆల్కహాల్‌తో కలిసిపోతుంది. రంగు రోజులు గడిచినా జిగటగానే ఉండిపోతుంది. అలాగే పాత ఎనామెల్ మీద ఎన్‌సీ రంగు వేస్తే, థిన్నర్ బలానికి కింది పొర ఉబ్బి ముడతలు పడుతుంది. పాత రంగు ఏమిటో తెలియకపోతే కనపడని మూల ఒక గుడ్డని థిన్నర్‌తో తడిపి ఒక నిమిషం ఆనించండి. మెత్తబడితే గీకి తీసేశాకే కొత్తది వెయ్యండి. ప్లాస్టిక్ మీద ఏ సాల్వెంట్ వాడినా ఇలా మూల పరీక్ష ముందు చెయ్యాల్సిందే. అసిటోన్ ఒక్క తుడుపుకే అక్రిలిక్ షీటుని మసకబారుస్తుంది.

మన ఎండకి లెక్క మారుతుంది

ఏ ఉష్ణోగ్రత దగ్గర ఒక ద్రవం ఆవిరికి నిప్పు అంటుకోగలదో దాన్ని ఫ్లాష్ పాయింట్ అంటారు. పెట్రోల్‌కి అది సున్నాకి 40 డిగ్రీల కింద. అసిటోన్‌కి సున్నాకి 20 డిగ్రీల కింద. టోలుయిన్‌కి సుమారు 4, ఇథనాల్‌కి సుమారు 13. అంటే ఇవి మన ఊళ్లో ఏడాది పొడవునా అంటుకుంటాయి. ఎంటీఓకి, కిరసనాయిలుకి మాత్రం 35 పైన. చలి దేశాల వీడియోల్లో వీటిని ధైర్యంగా వాడటానికి కారణం అదే, వాళ్ల గదిలో 20 డిగ్రీలే ఉంటుంది. మే నెలలో విజయవాడ ఎండ 40 దాటుతుంది, రేకుల షెడ్డు లోపల ఇంకా ఎక్కువ. ఆ వేడిలో టర్పెంటాయిల్‌ని కూడా పెట్రోల్‌లాగే చూడాలి.

ఎండాకాలంలో ఈ పనులు పొద్దున్నే పెట్టుకోండి, ఆరుబయట చెయ్యండి. సాల్వెంట్ ఆవిరి గాలికన్నా బరువు. అది నేలబారుగా పాకుతూ పక్కగదిలో స్టవ్ దగ్గరకో ఇన్వర్టర్ దగ్గరకో చేరుతుంది. కిటికీ తెరిస్తే చాలదు, కింద తలుపు కూడా తెరిచి ఉండాలి. గ్రైండర్ రవ్వలు ఎగిరే చోటికి డబ్బా తేవొద్దు. పెట్రోల్‌తో సామాను కడగడం, చేతులు కడుక్కోవడం మానెయ్యండి. నిప్పు భయం ఒకటి, అందులో 1 శాతం దాకా బెంజీన్ ఉండొచ్చన్నది ఇంకొకటి. చేతికంటిన ఎనామెల్ రంగు కొబ్బరినూనె రాసి, పాత గుడ్డతో తుడిచి, సబ్బుతో కడిగితే పోతుంది.

దుమ్ము మాస్కు గానీ ఎన్95 గానీ ఈ ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. గ్లవ్స్‌లో నైట్రైల్ రకం పెట్రోలియం సరుకులకి బాగా ఆగుతుంది, అసిటోన్‌కి ఆగదు.

పేరు లేని సీసా దొరికితే

వాసన చూడకండి, నిప్పు పెట్టి చూడకండి. ఆరుబయట, గాజు గ్లాసులో సగం నీళ్లు పోసి, డ్రాపర్‌తో నాలుగు చుక్కలు వెయ్యండి. పైన తేలితే పెట్రోలియం కుటుంబం లేదా టోలుయిన్ లాంటిది. కలిసిపోతే ఆల్కహాల్ లేదా అసిటోన్ కావచ్చు, బాత్‌రూమ్ యాసిడ్ కూడా ఇలాగే కలుస్తుంది. అడుగుకి మునిగితే క్లోరిన్ రకం అయ్యుండవచ్చు, అక్కడితో ఆపి మూత పెట్టెయ్యండి. కాస్త కలిసి కాస్త మసకబారితే థిన్నర్ మిశ్రమం కావచ్చు.

కలిసిపోయినదాన్ని ఒక చుక్క థర్మోకోల్ ముక్క మీద వెయ్యండి. గుంట పడితే అసిటోన్ రకం, పడకపోతే ఆల్కహాల్ కావచ్చు. ఆ ఆల్కహాల్ ఇథనాలా మిథనాలా అన్నది మాత్రం ఇంట్లో తేలదు, విషమనే లెక్క వెయ్యండి. తేలినదాన్ని కాగితం మీద వేసి చూడండి. వెంటనే ఆరిపోతే పెట్రోల్ లాంటిది, జిడ్డు మరక చాలాసేపు నిలిస్తే కిరసనాయిలో డీజిలో.

తుప్పు పట్టిన పాత పనిముట్లు బాగు చేసుకోవడం

నాన్నగారి పెట్టెలో తుప్పుపట్టిన స్పానర్లు, కటింగ్ ప్లేయర్లు ఉంటే పారెయ్యకండి, పాత ఉక్కు చాలాసార్లు ఇప్పటి చవక సరుకుకన్నా మేలు. ముందు ఎంటీఓలో నానబెట్టి, ఇత్తడి తీగల బ్రష్షుతో జిడ్డంతా వదిలించండి. జిడ్డు పోకపోతే తర్వాత వేసే ఆమ్లం తుప్పు దాకా చేరదు. సబ్బునీళ్లతో కడిగి, ప్లాస్టిక్ టబ్బులో లీటరు నీళ్లకి 50 గ్రాముల నిమ్మఉప్పు కలిపి అందులో ముంచండి. కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పే, అంటే సిట్రిక్ యాసిడ్. కొన్ని గంటలకోసారి తీసి బ్రష్షుతో రుద్దుతూ, తుప్పు పోగానే ఆపెయ్యండి. వదిలేస్తే మంచి ఇనుమునీ తింటుంది. స్ప్రింగులు, జింక్ పూత ఉన్నవి ఇందులో వెయ్యొద్దు. తర్వాత వంటసోడా నీళ్లలో ముంచి, కడిగి, తుడిచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి కుట్టుమిషను నూనె రాయండి. కీళ్లలో కూడా రెండు చుక్కలు వేసి ఆడించండి. వంటనూనె రాస్తే కొన్నాళ్లకి బంకగా మారుతుంది. డబ్ల్యూడీ-40 తడిని తరమడానికీ బిగుసుకున్న బోల్టు వదిలించడానికీ మంచిదే, కానీ వానాకాలమంతా తుప్పు ఆపడానికి అదొక్కటే చాలదు.

దాచడం, పారెయ్యడం

సాల్వెంట్‌ని కూల్‌డ్రింక్ సీసాలో పొయ్యకండి. ఇంట్లో పిల్లలుంటే ఈ ఒక్క నియమం మిగతా అన్నిటికన్నా ముఖ్యం. కొన్న డబ్బాలోనే ఉంచి, పేరు, కొన్న తేదీ మార్కర్‌తో రాసి దాని మీద టేపు అంటించండి, లేకపోతే అదే సాల్వెంట్ అక్షరాల్ని చెరిపేస్తుంది. ఎవరైనా కిరసనాయిలో టర్పెంటాయిలో మింగితే వాంతి చేయించకండి. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఎక్కువ హాని చేస్తుంది. 108కి ఫోన్ చేసి, డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అవిసె నూనె పాలిష్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడెయ్యకండి. ఆరేటప్పుడు అవి తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

బ్రష్షులు కడిగిన ఎంటీఓని కాలువలో పొయ్యొద్దు. ఊళ్లోంచి పోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువల నీళ్లు కింద పొలాలకి వెళ్తాయి. గాజు సీసాలో పోసి మూతపెట్టి కొన్ని రోజులు కదపకుండా ఉంచితే రంగు మడ్డి అడుక్కి దిగుతుంది. పైన తేరిన ఎంటీఓని ఇంకో సీసాలోకి వంపుకుంటే వచ్చేసారి బ్రష్షులకి మళ్లీ పనికొస్తుంది. మిగిలిన మడ్డిని రంపపుపొట్టులో కలిపి, పిల్లలకీ నిప్పుకీ దూరంగా ఆరుబయట పూర్తిగా ఎండనిచ్చి, పొట్లం కట్టి, ప్రమాదకర చెత్తగా చెప్పి విడిగా ఇవ్వండి.